హాన్‌స్లోప్ పార్కు బీరువా గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ బీరువా గారి దివ్యసముఖానికి,

ఉభయకుశలోపరి. ఇంగ్లండులో బకింగ్‌హమ్‌షైర్ పల్లెపట్టున, విదేశాంగ శాఖ వారి కంచె లోపల, తమరు ఏళ్ళ తరబడి కిక్కురుమనకుండా నిలబడినందుకు ముందుగా అభినందనలు. 37 పాత బ్రిటిష్ వలసల గుట్టు, సుమారు 8,800 ఫైళ్ళు కడుపులో పెట్టుకుని కూడా 2011 దాకా ఒక్క త్రేన్పు రానివ్వలేదు. ఎంత జీర్ణశక్తి!

ఘనా, నైజీరియా, ఉగాండా, కెన్యా... అన్నిచోట్లా జెండా దించిన ఫొటోలు చూశాం. బ్యాండు మేళం, కరచాలనం, రాజవంశీకుల చిరునవ్వు. ఆ ఫొటోలకు ముందు మీ దొరలు ఎంత చాకిరీ చేశారో మాత్రం ఆలస్యంగా తెలిసింది. 1961లో వలసల మంత్రి ఇయాన్ మెక్లౌడ్ తాఖీదు పంపారు: రాణి గారి ప్రభుత్వానికి తలవంపులు తెచ్చే కాగితమేదీ కొత్త ప్రభుత్వం చేతికి పోరాదు. కాలిస్తే చాలదు, బూడిదను కూడా నలగ్గొట్టాలి. కాల్చే వీలు లేదా, పెట్టెలకు బరువులు కట్టి, ప్రవాహం లేని లోతు నీళ్ళలో, తీరానికి వీలైనంత దూరంగా ముంచాలి. ఫైలు తీసినచోట ఖాళీ కనబడకుండా ఉత్తుత్తి ఫైలొకటి పెట్టాలి. పైగా ఆ రహస్య కాగితాలను యూరోపియన్ సంతతి బ్రిటిష్ వాడే తాకాలట! మా అమ్మమ్మ ఆవకాయ జాడీకి కూడా ఇంత మడి లేదు.

అంత మడిలో దాచిందేమిటయ్యా అంటే, 1957లో కెన్యా అటార్నీ జనరల్ ఎరిక్ గ్రిఫిత్స్-జోన్స్ గవర్నరు బారింగ్‌కు రాసిన ఉత్తరం లాంటివి. పాపం చేయక తప్పదంటే చప్పుడు కాకుండా చేద్దాం అన్నారాయన. లా చదివిన మనిషి! మావ్ మావ్ (కెన్యాలో బ్రిటిష్ పాలనపై తిరగబడ్డవారు) ఖైదీలను ఎలా కొట్టవచ్చో నిబంధనలు రాసిపెట్టింది కూడా ఆయనే. మరో రెండేళ్ళకు, 1959 మార్చిలో, హోలా నిర్బంధ శిబిరంలో 11 మందిని కొట్టి చంపారు. నీళ్ళ బండిలో నీళ్ళు తాగాక పోయారని మొదటి ప్రకటన. పాపం ఆ నీళ్ళు, నోరు లేనివి కదా, ఏమని చెప్పుకుంటాయి.

కెన్యా వాళ్ళు 1967లోనే మా కాగితాలు మాకివ్వండని అడిగారు. ఇవ్వలేదు. ఆఖరికి ఆ శిబిరాల్లో దెబ్బలు తిన్న ముసలివాళ్ళు లండన్ హైకోర్టు మెట్లెక్కితే తప్ప తమరి తలుపు తెరుచుకోలేదు. 2013లో 5,228 మందికి, కోర్టు ఖర్చులతో కలిపి, 1.99 కోట్ల పౌండ్లు. విదేశాంగ మంత్రి విలియం హేగ్ పార్లమెంటులో విచారం వెలిబుచ్చారు, చట్టపరమైన బాధ్యత మాత్రం మాది కాదన్నారు.

ఇంతకీ దొరలు దొరికిపోయింది గుమస్తాగిరి వల్లే. తగలబెట్టినట్టు ధ్రువపత్రం రాసి లండన్‌కు పంపాలన్నది నియమం. ఎలా తగలబెట్టాలో చెప్పిన ఉత్తర్వులనూ బుద్ధిగా ఫైల్లో పెట్టుకున్నారు. నేరం చేసి రసీదు దాచుకునే జాతిని ఇంకెక్కడా చూడలేదు.

ఒక మనవి. బూడిదైన కాగితాల పట్టిక తమరి దగ్గరుంటే ఒక నకలు పంపగలరు. నేను యూరోపియన్ సంతతి కాను గనుక జవాబు మీద ఆశ లేదు. ఈ ఉత్తరానికి మాత్రం నంబరు వేసి ఏదో ఒక ఫైల్లో పెడతారని తెలుసు.

ఇట్లు,
తమరి కడుపు చల్లగా ఉండాలని కోరని ఒక పాఠకుడు