నాయిజ్ ఫిగర్ ఒక్కటే చూస్తే సరిపోదు

లో నాయిజ్ యాంప్లిఫయర్ (రిసీవర్‌లో బలహీనమైన సంకేతాన్ని మొదట పెంచే సర్క్యూట్) గురించిన వ్యాసంలో, తక్కువ నాయిజ్ ఫిగర్ (సర్క్యూట్ తన వంతుగా ఎంత నాయిజ్ కలుపుతుందో చెప్పే కొలత) ఉన్న ట్రాన్సిస్టర్‌ను ఎంచుకుంటే పని సగం అయిపోయినట్టే అని రాశారు. పావు వంతు కూడా కాదంటాను. డేటాషీట్‌లోని ఆ కనిష్ఠ విలువ, ట్రాన్సిస్టర్‌కు ఇన్‌పుట్ వైపు ఒక నిర్దిష్టమైన సోర్స్ ఇంపెడెన్స్ (సంకేతం వచ్చే వైపు ఏసీ ప్రవాహానికి ఉండే అవరోధం) కనిపించినప్పుడే దక్కుతుంది. గరిష్ఠ శక్తి బదిలీకి కావలసిన ఇంపెడెన్స్ సాధారణంగా వేరు. ట్రాన్సిస్టర్‌కే ఉండే ‘సోర్స్’ అనే కాలికి చిన్న ఇండక్టర్ కలిపితే ఆ రెండు ఇంపెడెన్స్‌లూ దగ్గరవుతాయి, గెయిన్ (సంకేతం ఎంత పెరుగుతుందో చెప్పే కొలత) మాత్రం కొంత తగ్గుతుంది. ఈ ఉపాయం గురించి వ్యాసంలో ఒక్క మాటైనా లేదు!

గెయిన్ తగ్గితే ఏమవుతుందో వరుసగా ఉన్న దశల మొత్తం నాయిజ్ ఫిగర్‌కు ఇంజనీర్ ఫ్రిస్ 1944లో ఇచ్చిన సూత్రంతో లెక్కవేయండి. మొదటి దశ అయిన యాంప్లిఫయర్ నాయిజ్ ఫిగర్ 1 డీబీ (డెసిబెల్), గెయిన్ 15 డీబీ, వెనుక ఉన్న మిక్సర్ (సంకేతం పౌనఃపున్యాన్ని మార్చే దశ) నాయిజ్ ఫిగర్ 10 డీబీ అనుకుంటే మొత్తం సుమారు 1.9 డీబీ. గెయిన్ 10 డీబీకి పడిపోతే అదే మొత్తం 3.3 డీబీ దాటుతుంది. ట్రాన్సిస్టర్ మారలేదు, ఫలితం మారింది. ఇక యాంప్లిఫయర్ ముందు పెట్టిన ఫిల్టర్‌లో 0.5 డీబీ పోతే, గది ఉష్ణోగ్రత వద్ద అది నేరుగా నాయిజ్ ఫిగర్‌కు కలుస్తుంది. అందుకే ఇన్‌పుట్ వైపు ఇండక్టర్‌కు మంచి క్యూ (ఎక్కువైతే నష్టం తక్కువని చెప్పే విలువ) ఉండాలి.

స్థిరత్వాన్ని, అంటే యాంప్లిఫయర్ తనంతట తాను డోలనం చేయకుండా ఉండటాన్ని, పనిచేసే బ్యాండ్‌లోనే చూసి వదిలేయకండి. నేను అలా వదిలేసిన బోర్డు ఒకటి ఎక్కడో పై పౌనఃపున్యంలో డోలనం మొదలుపెట్టింది. దోషం మ్యాచింగ్‌లో (ఇంపెడెన్స్‌లను సరిపోల్చడంలో) ఉందనుకొని చాలా రోజులు వెతికాను.