వాన పడింది, తేదీ తప్పింది

2023 నవంబర్ 30. నాగార్జునసాగర్ డ్యామ్ మీద ఆంధ్ర, తెలంగాణ పోలీసులు ఎదురెదురుగా నిలబడ్డారు. కుడి కాలువకు నీళ్లు వదలడానికి మన ఆంధ్రా వాళ్లు సగం గేట్లను స్వాధీనం చేసుకున్నారు. తాగడానికే అన్నారు, పంట ఊసు ఎత్తే పరిస్థితి లేదు. సరిగ్గా ఐదు రోజులకు, డిసెంబర్ 5న, మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. ఉమ్మడి గుంటూరు జిల్లాలో ఒక కొస తాగునీళ్ల కోసం కాలువ వైపు చూస్తుంటే, ఇంకో కొసన కోసిన వరి పనలు నీళ్లలో నానాయి. దేశంలో 1901 నుంచీ ఆ ఏడాది ఆగస్టంత పొడి ఆగస్టు ఇంకోటి లేదు. ఏడాది వర్షపాతం పట్టికలో మాత్రం ఆ ఆగస్టూ ఈ డిసెంబరూ కలిసి ఒక్క అంకె అయిపోతాయి.

వాతావరణ మార్పు అంటే వాన తగ్గడమో పెరగడమో అన్నట్టు మాట్లాడుకుంటున్నాం. ఈ ప్రాంతపు వ్యవసాయం నడిచేది వాన కొలత మీద కాదు, తేదీల మీద. కృష్ణా డెల్టాలో వరి కోతకు ముందే చేలో మినుము చల్లేస్తారు. నేలలో మిగిలిన పదునే దానికి ఆధారం. వరి మూడు వారాలు వెనకబడితే మినుము పూత ఎండల్లో పడుతుంది. అంటే ఒక తేదీ తప్పితే రెండు పంటలు పోతాయి. పట్టిసీమ నుంచి గోదావరి నీళ్లు తెచ్చి జూన్‌లోనే కాలువలకు వదిలితే నవంబర్ తుపాన్లకు ముందే కోతలు అయిపోతాయన్నది మంచి ఆలోచనే. కానీ ఇక్కడ బాగా ఇష్టపడే సాంబ మసూరి, అంటే బీపీటీ 5204, ఇంచుమించు ఐదు నెలల పంట. గట్టి గాలి వీస్తే పడిపోతుంది కూడా. శివారు చేలకు నీళ్లు చేరేటప్పటికి జులై గడిచిపోతే లెక్క మళ్లీ మొదటికొస్తుంది.

ఆ తుపాను తర్వాత తెనాలి దాటి ఒక ఊళ్లో రోడ్డు పక్కన ఆగాను. తారు మీద ధాన్యం పోసి ఓ కౌలు రైతు కాళ్లతో తిరగేస్తున్నాడు. గుప్పెడు తీసి నా చేతిలో పోశాడు. గింజ కొసన తెల్లగా మొలక. ‘‘తేమ ఇరవై రెండు చూపిస్తందండీ, పదిహేడైతేనే తీసుకుంటారంట. ఎండ నేనేడ తెచ్చేది?’’ అన్నాడు. కొనుగోలు నిబంధన 17 శాతమే, అందులో తప్పు లేదు. కాకపోతే ఆ నిబంధన డిసెంబర్‌లో ఎండ కాస్తుందన్న నమ్మకం మీద రాసింది. ఊరికో డ్రయ్యర్ ఉంటే ఆ ధాన్యం ధాన్యంగానే మిల్లుకు చేరేది.

మిర్చి సంగతి ఇంకా సున్నితం. ముసురు పట్టి చేలో నీళ్లు నిలిస్తే మొక్క ఉరకెత్తి వడలిపోతుంది. కల్లంలో ఆరబోసిన కాయ తడిస్తే రంగు పోయి తాలవుతుంది. బరకాలు కప్పితే లోపల ఉక్కకు బూజు, కప్పకపోతే వాన. గుంటూరు యార్డులో తాలు టిక్కీకి, అంటే బస్తాకి, వేరే ధర, వేరే బేరం. 2021లో నల్ల తామర పురుగు పూతను తినేసినప్పుడు కూడా చాలామంది వాతావరణాన్నే తిట్టారు. అది బయటి నుంచి వచ్చిన పురుగు. అన్నిటినీ వాతావరణం ఖాతాలో వేస్తే మన తప్పులు దాక్కుంటాయి.

విజయవాడ సంగతే చూడండి. 2024 సెప్టెంబర్ మొదట్లో ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది, కట్టిన దగ్గర్నుంచీ అదే రికార్డు. బ్యారేజీ తట్టుకుంది. సింగ్‌నగర్‌ను ముంచింది బుడమేరు వాగు. వేడెక్కిన గాలి ఒక్కో డిగ్రీకి దాదాపు 7 శాతం ఎక్కువ తేమ మోస్తుంది కాబట్టి కుండపోతలు పెరగడంలో వింత లేదు. కానీ ఏరు పారాల్సిన చోట ఇళ్లు కట్టుకున్నది మనమే. అటు దిగువన కొల్లూరు లంకల్లో అరటి, పసుపు మునిగాయి. టీవీ కెమెరాలు అంతదూరం పెద్దగా వెళ్లలేదనుకోండి.

ఇంత నష్టం రాష్ట్ర లెక్కల్లో ఎందుకు కనిపించదు? రాష్ట్ర స్థూల ఉత్పత్తిలో మూడో వంతు దాకా వ్యవసాయ, అనుబంధ రంగాలదే. అయితే అందులో రొయ్యలు, చేపల విలువ పెరిగినకొద్దీ పొలంలో పోయింది ఆ అంకె కింద కనపడకుండా పోతుంది. చెరువు ఆసామి లాభం, చేను కౌలుదారు నష్టం ఒకే పద్దులో కలిసి ‘వృద్ధి’ అవుతాయి. ఇది అబద్ధం కాదు. కానీ ఈ అంకె చూసి విధానాలు రాస్తే ఎవరికి సాయం కావాలో తెలియదు.

నా ఉద్దేశంలో అసలు చిక్కు కౌలు దగ్గరుంది. పంట 33 శాతమో అంతకు మించో పోతేనే ఇన్‌పుట్ సబ్సిడీ, అంటే ప్రభుత్వం ఇచ్చే పంటనష్ట సాయం. అది కౌలుకు సాగు చేసేవాడికి రావాలంటే సాగుదారు హక్కు కార్డు ఉండాలి. 2019 చట్టం ప్రకారం ఆ కార్డుకు యజమాని ఒప్పుకోవాలి. యజమాని ఒప్పుకోడు, భూమి పోతుందేమోనని భయం. కౌలు బస్తాలు మాత్రం వాన ఎప్పుడు పడ్డా అవే. తేదీ తప్పిన వాన ఖర్చంతా, పొలం తనది కానివాడి నెత్తినే పడుతోంది. మురుగు కాలువల పూడిక తీయడం, డ్రయ్యర్లు పెట్టడం డబ్బుతో అయ్యే పనులు. నష్టం వచ్చిన ఏడాది కౌలు కూడా తగ్గాలని ఒప్పందంలో రాయించడానికి డబ్బు అక్కర్లేదు, అందుకేనేమో ఎవరూ ఆ మాట ఎత్తరు.

తెనాలి అవతల కనిపించిన ఆ రైతు మరుసటి ఏడాదీ అదే చేను, అదే కౌలుకు పట్టాడు. ఒప్పందం నోటిమాటే.