సవరణ: పుష్పగిరిలో ఏ గుడి ఏ ఒడ్డున ఉంది?

కడప జిల్లా వల్లూరు మండలంలోని పుష్పగిరి గురించి గత వారం రాసినప్పుడు, చెన్నకేశవస్వామి ఆలయమూ వైద్యనాథేశ్వరాలయమూ ఊళ్లోనే పక్కపక్కన ఉన్నాయన్నాను. అది పొరపాటు. వైద్యనాథేశ్వరుడు ఊరివైపు వెలసి ఉండగా, చెన్నకేశవుని ఆలయం పెన్నకు ఆవలి ఒడ్డున, కొండపై ఉంది. నడుమ ఏరు పారుతున్నందున, నా మాట నమ్మి వానాకాలంలో వెళ్లినవారు ఒకే పూటలో రెండు దర్శనాలూ చేసుకోగలమనుకుంటే ఇబ్బంది పడతారు. ఇది శివకేశవులిద్దరూ వెలసిన హరిహర క్షేత్రం కాబట్టి, నా తప్పు చిన్నదని అనుకోను.

మరొకటి. పెన్న, పాపఘ్ని, కుముద్వతి, వల్కల, మాండవి నదులు కలిసే పంచనదీ క్షేత్రం పుష్పగిరి అని సంప్రదాయం చెబుతుంది. దాన్ని నేను అక్కడి రేవులోనే అయిదు నదులూ కలుస్తున్నట్టు వర్ణించాను. నిజానికి పాపఘ్ని అంతకు ఎగువనే, కమలాపురం దగ్గర పెన్నలో కలుస్తుంది. కొండ మీది గుడి గోడలపై ఉన్న రామాయణ, భారత శిల్పాలను గురించి, ముఖ్యంగా కిరాతార్జునీయం గురించి రాసినదానిలో మార్పేమీ లేదు.