బాలికి ఎదురొడ్డున స్థలం: కొన్నవాడికి దక్కేదేమిటి?

ఇండోనేషియా ద్వీపం బాలిలో స్థలాల ధరలు మామూలు పెట్టుబడిదారులకు అందకుండా పోయాక దళారుల చూపు జలసంధి దాటి పడమటి ఒడ్డుకు మళ్ళింది. జావా ద్వీపం తూర్పు కొసన ఉన్న బాన్యువాంగిని ‘రేపటి బాలి’ అని చెప్పి అమ్ముతున్నారు. 2023, 2024 సంవత్సరాల్లో బాలికి వచ్చిన విదేశీ పర్యాటకుల్లో ఆస్ట్రేలియన్ల తరవాతి స్థానం భారతీయులదే. అందుచేత ఈ బేరాలు మన వాళ్ళ దాకా రావడంలో వింత లేదు. నా అభిప్రాయం మొదటే చెప్పేస్తాను. బాన్యువాంగిలో ఉండాలనుకునే వాళ్ళు నిశ్చింతగా వెళ్ళి అద్దెకు ఉండవచ్చు. అక్కడ భూమి కొనబోయే విదేశీయుడు మాత్రం ఎప్పటికీ తనది కాని దానికి డబ్బు కడుతున్నాడు. అతని డబ్బు పోతుందన్నది ఒక్కటే కాదు నా బాధ. ఆ బేరంలో అమ్మిన రైతు కుటుంబమూ చితికిపోతుంది.

ఉండడానికి మంచి ఊరని ఊరికే అనడం లేదు. జిల్లా కేంద్రం సముద్రపు ఒడ్డునే ఉంటుంది, ఎదురుగా బాలి కొండలు కనిపిస్తాయి. కెటపాంగ్ రేవులో ఫెర్రీ ఎక్కితే సుమారు గంటలో గిలిమనుక్‌లో దిగవచ్చు. దిగగానే గడియారాన్ని గంట ముందుకు తిప్పుకోవాలి, రెండు ద్వీపాల కాలమానాలు వేరు. ఊరి వెనక ఇజెన్ అగ్నిపర్వతం ఉంది. దాని బిలంలో రాత్రిపూట నీలి మంటలు లేస్తాయి, గంధకపు గడ్డలను బుట్టల్లో పెట్టి భుజాన మోసుకొచ్చే కూలీలు ఇప్పటికీ ఉన్నారు. 2023లో యునెస్కో ఆ ప్రాంతాన్ని గ్లోబల్ జియోపార్క్‌గా గుర్తించింది. ఇక్కడి ఒసింగ్ ప్రజలు జావాలో చిట్టచివరి దాకా నిలిచిన హిందూ రాజ్యం బ్లంబంగన్ వారసులు. వాళ్ళ సెగో టెంపోంగ్ అనే అన్నంలో పచ్చి మిరపకాయల ఘాటు కోస్తా నాలుకను కూడా ఆశ్చర్యపరుస్తుంది.

అద్దె పద్ధతి మనకు కొంచెం కొత్తగా ఉంటుంది. ఒంటరి గదులను నెలవారీగా ఇస్తారు, వాటిని ‘కోస్’ అంటారు. ఇల్లు కావాలంటే సాధారణంగా ఏడాది అద్దె ఒకేసారి కట్టాలి. అడ్వాన్సు ఇచ్చి నెలనెలా కట్టే అలవాటున్న వాళ్ళకు ఇది భారమనిపిస్తుంది కానీ, ఒక వానాకాలం, ఒక ఎండాకాలం చూసి ఆ ఊరు నప్పుతుందో లేదో తేల్చుకోవడానికి ఏడాది సరైన గడువు.

ధరలు పెరుగుతాయన్న నమ్మకానికి ఆధారాలు లేకపోలేదు. 2010 చివర్లో ఇక్కడికి వాణిజ్య విమానాలు మొదలయ్యాయి. ఆర్కిటెక్ట్ ఆంద్రా మాతిన్ కట్టిన టెర్మినల్ పైకప్పు మీద పచ్చిక పెరుగుతుంది, లోపలికి గాలి ధారాళంగా వస్తుంది. 2022లో దానికి ఆగా ఖాన్ వాస్తుశిల్ప పురస్కారం వచ్చింది. ప్రొబొలింగో నుంచి బాన్యువాంగి దాకా ఎక్స్‌ప్రెస్ హైవే ముక్కలు ముక్కలుగా ముందుకొస్తోంది. రోడ్డు వస్తే రేటు పెరుగుతుందన్న లెక్క మనకు కంఠస్థం. ఆ లెక్క తప్పనను. పెరిగే ఆ విలువ ఎవరి పేరున పెరుగుతుందన్నదే ప్రశ్న.

ఇండోనేషియా భూమికి మూలం 1960 నాటి మౌలిక భూచట్టం. వలస పాలన నుంచి బయటపడ్డ దేశం, తన నేల మళ్ళీ పరాయివాళ్ళ చేతికి పోకూడదన్న పట్టుదలతో రాసుకున్న చట్టమది. పూర్తి యాజమాన్య హక్కును అక్కడ ‘హక్ మిలిక్’ అంటారు. అది ఇండోనేషియా పౌరులకే చెందుతుందని 21వ సెక్షన్ చెబుతుంది. అసలు కత్తి 26వ సెక్షన్‌లో ఉంది. నేరుగా గాని, చాటుగా గాని ఈ హక్కును విదేశీయుడికి బదలాయించే ఏ లావాదేవీ అయినా చెల్లదు, ఆ భూమి ప్రభుత్వపరం అవుతుంది, కట్టిన సొమ్మును తిరిగి అడిగే వీలు లేదు. ఈ మూడూ ఒకే నిబంధనలో ఉన్నాయి. పెళ్ళి ద్వారానో వారసత్వంగానో విదేశీయుడికి ఆ హక్కు సంక్రమించినా ఏడాదిలోగా వదులుకోవాల్సిందే.

అయినా బేరాలు జరుగుతున్నాయి, ఎలాగంటే బినామీగా. ఊళ్ళో ఒక నమ్మకస్తుడి పేరున రిజిస్ట్రేషన్ చేయిస్తారు. అతను కొన్నవాడికి అంత మొత్తం బాకీ ఉన్నట్టు ఒక అప్పు పత్రం, స్థలం తాకట్టు, తిరుగులేని పవర్ ఆఫ్ అటార్నీ, పాతికేళ్ళ లీజు, కొన్ని సందర్భాల్లో వీలునామా కూడా రాయిస్తారు. ఇన్ని కాగితాలు చూసి కొనేవాడికి ధైర్యం వస్తుంది. కాని కోర్టు ముందు ఆ కాగితాలన్నీ ఒకచోట పెడితే, యాజమాన్యాన్ని చాటుగా బదలాయించారన్నదానికి అవే సాక్ష్యం అవుతాయి. ఏజెన్సీలో గిరిజనేతరులకు భూమి బదలాయింపును నిషేధించే 1/70 చట్టాన్ని తప్పించుకోవడానికి గిరిజనుల పేర్ల మీద నడిచిన కొనుగోళ్ళు చూసిన వాళ్ళకు ఇందులో కొత్త ఏమీ ఉండదు. పేరు ఇచ్చినవాడు చనిపోతే అతని పిల్లలు ఆ స్థలం తమ తండ్రిదే అంటారు. చట్టం దృష్టిలో వాళ్ళు చెప్పేది నిజం.

మన వైపు నుంచి మరో ముడి ఉంది, దీన్ని దళారులు చెప్పరు. రిజర్వు బ్యాంకు సరళీకృత చెల్లింపుల పథకం కింద భారత నివాసి ఏడాదికి 2.5 లక్షల డాలర్ల దాకా బయటికి పంపవచ్చు, విదేశాల్లో స్థిరాస్తి కొనడమూ అందులో అనుమతించినదే. అయితే ఆ ఆస్తిని ఆదాయపన్ను రిటర్నులో విదేశీ ఆస్తుల పట్టికలో చూపాలి. చూపకపోతే 2015 నల్లధన చట్టం కింద 10 లక్షల రూపాయల జరిమానా పడవచ్చు. బినామీగా కొన్నవాడు ఇక్కడ ‘ఇది నాది’ అని రాయాలి. అక్కడ ఆ మాట పైకి అంటే భూమి పోతుంది. ఈ ఇరకాటం నుంచి గౌరవంగా బయటపడే దారి నాకు కనిపించడం లేదు.

చట్టబద్ధమైన దారులు లేవా అంటే ఉన్నాయి. 2021 నాటి 18వ ప్రభుత్వ నిబంధన ప్రకారం, వీసా పత్రాలున్న విదేశీయుడు ‘హక్ పకై’ అనే వినియోగ హక్కు మీద ఇల్లు తీసుకోవచ్చు. మొదట 30 ఏళ్ళు, తరవాత 20, ఆపైన మరో 30. కుటుంబానికి ఒక్క స్థలమే, రెండు వేల చదరపు మీటర్లు మించకూడదు. దీనికి కనీస ధర ఉంది. తూర్పు జావాలో విడి ఇంటికి అది 500 కోట్ల రుపియా, మన డబ్బులో రెండున్నర కోట్లకు పైనే. ఒక జిల్లా కేంద్రంలో మామూలు ఇల్లు ఆ ధర దరిదాపులకు రాదు. అంటే చట్టం విదేశీయుడిని విలాస భవనాలకే రమ్మంటోంది, ఊరివాళ్ళు కొనుక్కునే ఇళ్ళ జోలికి రావద్దంటోంది. ఈ గీత సరైనదని నేను నమ్ముతాను. జకార్తా, సింగపూర్ జీతాలతో పోటీ పడి ఒక బడిపంతులు బాన్యువాంగిలో ఇల్లు కొనలేడు. కంపెనీ పెట్టి కొందామంటే విదేశీ పెట్టుబడి సంస్థ మొత్తం పెట్టుబడి ప్రణాళిక 1,000 కోట్ల రుపియాను మించాలి.

ఇక మిగిలింది లీజు. 1960 భూచట్టం 44, 45 సెక్షన్లు అక్కడ నివసించే విదేశీయులకు దీనికి అవకాశమిస్తాయి. పాతిక, ముప్ఫై ఏళ్ళ అద్దెను ఒక్కసారే చెల్లించడం బాలిలో మామూలైపోయింది. ఇది పెట్టుబడి కాదు, ముందే కట్టిన అద్దె. ఏటా దాని విలువ కరుగుతుంది. పొడిగింపు ధరను ఒప్పందంలోనే తేల్చకపోతే, గడువు తీరే నాటి మార్కెట్ రేటుకు యజమాని ఎంతంటే అంత. ఒకవేళ తీసుకోదలిస్తే ముందు యజమాని పత్రాన్ని భూమి కార్యాలయంలో సరిచూడాలి. జావా పల్లెల్లో చాలా భూములు ‘గిరిక్’, ‘పెతోక్’ వంటి పాత శిస్తు కాగితాల మీదే నడిచాయి. మన పాత శిస్తు రశీదులాగే అవి పన్ను కట్టినదానికి గుర్తు, యాజమాన్యానికి పట్టా కాదు. వాటిని నమోదు చేయించుకోవడానికి 2021 నిబంధన ఐదేళ్ళు గడువిచ్చింది, ఆ గడువు 2026 ఫిబ్రవరితో తీరింది. తూర్పు జావాలో రక్షిత వరి పొలాల పటం కూడా ఉంది, దాన్ని చూడకుండా ‘పొలం మధ్య విల్లా’ అన్న మాటకు సంతకం పెట్టకూడదు. 2025 జులైలో బాలిలోని బింగిన్ తీరాన అక్రమమని తేల్చిన కట్టడాలను అధికారులు కూల్చేశారు. అవి ఏళ్ళ తరబడి వ్యాపారం చేసినవే.

సముద్రం సంగతి వేరే చెప్పాలి. ఊరు జలసంధి వైపు ఉంది, జిల్లా దక్షిణ తీరం మాత్రం నేరుగా హిందూ మహాసముద్రం ముందు ఉంటుంది. సర్ఫింగ్‌కు పేరుపడ్డ ప్లెంగ్‌కుంగ్, ఎర్ర దీవి తీరం పులావ్ మేరా అక్కడివే, ‘సముద్రం కనిపించే స్థలం’ అన్న మాట కూడా ఎక్కువగా అక్కడికే వర్తిస్తుంది. 1994 జూన్ 3 అర్ధరాత్రి దాటాక 7.8 తీవ్రతతో సముద్రంలో భూకంపం వచ్చింది. భూమి పెద్దగా కదిలినట్టు చాలామందికి తెలియలేదు. నిద్రలో ఉన్న మత్స్యకారుల పల్లెల మీద సునామీ విరుచుకుపడి 200 మందికి పైగా చనిపోయారు. పులావ్ మేరా దగ్గరే తుంపాంగ్ పితు కొండలో బంగారు గని నడుస్తోంది. ఆ గనిని ఊరివాళ్ళు ఏళ్ళుగా వ్యతిరేకిస్తున్నారు. ఇటు ఫెర్రీ ప్రయాణమూ ఎల్లప్పుడూ సాఫీ కాదు. 2025 జులై 2 రాత్రి తును ప్రతమ జయ అనే ఫెర్రీ జలసంధిలో మునిగిపోయింది. ఆ తరవాత పాత ఓడలను నిలిపేయడంతో కెటపాంగ్ దగ్గర లారీలు కిలోమీటర్ల కొద్దీ బారులు తీరాయి. బాలి గంట దూరమని లెక్క కట్టేవాళ్ళు ఈ సంగతి కూడా కలుపుకోవాలి.

అమ్మే రైతు వైపు చూడాలంటే అదే రాష్ట్రంలోని టుబాన్ తీరానికి వెళ్ళాలి. 2021లో చమురు శుద్ధి కర్మాగారం కోసం సుముర్‌గెనెంగ్ గ్రామస్థుల పొలాలు తీసుకుని భారీగా పరిహారం ఇచ్చారు. లారీల మీద కొత్త కార్లు వరసగా ఊళ్ళోకి దిగిన దృశ్యాలు దేశమంతా చూసింది. ఏడాది తిరగకముందే వాళ్ళలో కొందరు, పొలం లేదు, మాటిచ్చిన పనీ లేదు అంటూ ధర్నాకు కూర్చున్నారు. పొలం పోయాక చేతికొచ్చిన డబ్బు ఎంతకాలం నిలుస్తుందో అమరావతి, పోలవరం ఊళ్ళవాళ్ళను అడిగినా చెబుతారు.

బాన్యువాంగి పాలకుల్లో ఈ ఎరుక కొంత కనిపించింది. 2010 నుంచి దశాబ్దం పాటు జిల్లాను పాలించిన అబ్దుల్లా అజ్వర్ అనస్ కాలంలో చిన్న లాడ్జీల కొత్త నిర్మాణాన్ని ఆపారు. హోటల్ కడితే మూడు నక్షత్రాలకు తగ్గకూడదన్నారు. తక్కువ ఖర్చులో బస కోరే అతిథి ఊరివాళ్ళ ఇంటి గదికే వెళ్ళాలని, ఆ డబ్బు ఆ ఇంటికే చేరాలని ఉద్దేశం. విదేశీయుడి డబ్బు ఈ ఊరికి రావాల్సిన సరైన దారి ఇదే. అతను గదికి అద్దె కడతాడు, భోజనానికి చెల్లిస్తాడు, స్థలం మాత్రం ఆ కుటుంబం పేరునే ఉంటుంది. హైవే పూర్తయ్యాక ఈ నియమాన్ని సడలించమని ఒత్తిడి తప్పకుండా వస్తుంది. లీజుల పేరుతో తీరం వెంట స్థలాలు ఇప్పటి నుంచే చేతులు మారకుండా చూడాలంటే, పదేళ్ళు మించిన ప్రతి లీజును గ్రామ కార్యాలయంలో బహిరంగంగా నమోదు చేయాలని జిల్లా యంత్రాంగం ఆ రోడ్డు రాకముందే ఆదేశించాలి.