శాలువాలు చాలు, ఆదివారం పొద్దున ఇవ్వండి

మొన్న ఇక్కడ అమెరికాలో మన తెలుగు సంఘం ఉగాది సంబరాల్లో మన ఊరి రచయిత్రి ఒకావిడ తొలి నవల ఆవిష్కరించారు. ఆవిడకి ఫార్మసీలో ఉద్యోగం, బడికెళ్లే పిల్లలిద్దరు, వారానికి మూడుసార్లు డయాలసిస్‌కి తీసుకెళ్లాల్సిన మామగారు. ఇన్నిటి మధ్య నవల పూర్తిచేసి వేదిక ఎక్కితే వ్యాఖ్యాత అడిగిన మొదటి ప్రశ్న, "మరి ఇంట్లో వంట ఎవరు చేస్తున్నారండీ?" హాలంతా ఘొల్లున నవ్వింది. వెంటనే వాళ్లాయన్ని పైకి పిలిచి ఆయన ఓర్పుకి శాలువా కప్పారు. నవల్లోంచి చదువుదామని ఆవిడ రెండు పేజీలు ప్రింటు తీసి తెచ్చుకున్నారు. పిల్లల ఫ్యాషన్ షోకి ఆలస్యమవుతోందన్నారు. ఆవిడ ఆ కాగితాలు మడిచి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుని మెట్లు దిగిపోయారు. ఆ పూట నాకు పులిహోర గొంతు దిగలేదు.

డాక్టర్ కేశవరెడ్డి గారు డిచ్‌పల్లి కుష్ఠురోగుల ఆసుపత్రిలో వైద్యం చేస్తూ నవలలు రాశారు. రావిశాస్త్రి గారు విశాఖలో ప్లీడరీ చేస్తూ రాశారు. 2019లో ‘కొండపొలం’ నవలకి తానా (ఉత్తర అమెరికా తెలుగు సంఘం) బహుమతి అందుకున్న సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి గారు బడిపంతులు. పగలు జీతానికో ఫీజుకో పనిచేసి, మిగిలిన వేళల్లో రాసుకున్నవాళ్లు మన నవలకి కొత్త కాదు. వాళ్ల ఇళ్లలో వంట ఎవరు చేశారన్నది మనకి ఏనాడూ ప్రశ్నగా తోచలేదు. ఆడమనిషి రాస్తేనే తోస్తుంది.

ఇది నాకూ తగిలే మాట, ఎందుకంటే నేనూ ఒక నవల మధ్యలో ఉన్నాను. డిపెండెంట్ వీసా మీద ఈ దేశం వచ్చినప్పుడు నాకు పని చేసే అనుమతి లేదు. 2015లో హెచ్-4 అనే ఆ వీసా మీదున్నవాళ్లలో కొందరికి ఈఏడీ, అంటే పని చేసే అనుమతి పత్రం, ఇవ్వడం మొదలయ్యేదాకా ఇంట్లోనే. ఆ రోజుల్లో ఉన్నంత తీరిక మళ్లీ నా జీవితంలో రాదు. అయినా ఒక్క అధ్యాయం నిలబడలేదు. ఎవరింట్లో సీమంతమైనా, ఎవరి అత్తగారు ఊరినుంచి దిగినా, "నువ్వు ఖాళీయేగా" అంటూ ఫోను వచ్చేది. ఖాళీగా ఉన్న మనిషి టైము అందరిదీ. ఉద్యోగంలో చేరాకే నా నవల కదిలింది. రాత్రి హైదరాబాద్ టీముతో కాల్, పొద్దున ఇక్కడి టీముతో స్టాండప్ మీటింగ్. ఆ రెంటికీ మధ్య నాదంటూ మిగిలింది తెల్లవారుజాము. అది కొలిచి ఇచ్చినట్టు వచ్చేది కాబట్టి ఒక్క నిమిషం వదులుకోబుద్ధి కాలేదు.

కథైతే ఒక లాంగ్ వీకెండ్‌లో గట్టెక్కించవచ్చు. నవల అలా లొంగదు. వరసగా నాలుగు రోజులు వదిలేస్తే పాత్రల గొంతులు చెవికి అందకుండా పోతాయి, మళ్లీ వాళ్లు మాట్లాడేదాకా వారం పడుతుంది. అందుకే మా ప్యాంట్రీ తలుపు లోపలివైపు ఒక పెద్ద కాగితం అంటించాను. ఏ సంవత్సరానికి ఎవరి వయసెంత, ఊళ్లో చెరువు ఎటు, కరణంగారి ఇల్లు ఎటు, పొగాకు ఆకుని వేడితో ఆరబెట్టే బ్యారన్ ఏ మలుపులో ఉంది, అన్నీ దాని మీదే. కందిపప్పు డబ్బా కోసం తలుపు తీసినప్పుడల్లా ఆ ఊరు కనబడుతుంది. కుక్కర్ మూడో కూత లోపల ఒక వాక్యం తట్టిందంటే అక్కడే పెన్సిలుతో రాసేస్తాను.

మా అత్తయ్యగారు ఆరు నెలలుండటానికి వచ్చినప్పుడు, ఇక ఈ నవల అటకెక్కినట్టే అనుకున్నాను. ఆవిడ నాకంటే ముందే లేచి, దీపం పెట్టి, డికాషన్ దించి, కబుర్లకి కూర్చునేవారు. ఓ రోజు కళ్లజోడు తెచ్చుకుని నేను రాసింది చదివారు. "బ్యారన్ ఎప్పుడైనా చూశావా?" అన్నారు. వాళ్లది టంగుటూరు పక్క. ఆడకూలీలు పచ్చాకుని కర్రలకి ఎలా కట్టేవారో, బ్యారన్లో వేడి ఒక్కసారిగా పెరక్కుండా రాత్రంతా మంట దగ్గర ఎలా మేలుకునేవారో, అజాగ్రత్తగా ఉంటే ఆ పంటంతా, దానిమీద చేసిన అప్పంతా ఎలా నల్లబడిపోయేదో వరసగా చెప్పారు. ఆ తర్వాత తెల్లవారుజామున ఫోను మోగితే ఆవిడే ఎత్తి, "అమ్మాయి రాసుకుంటోంది, తర్వాత చెయ్యి" అనేవారు. ఆ మాట ఇంట్లో ఒక్కరి నోట వచ్చినా నవల బతుకుతుంది.

మన వారాంతాలు మాత్రం అంత దయగా లేవు. శుక్రవారం పాట్‌లక్, శనివారం పుట్టినరోజు, ఆదివారం వ్రతమో గృహప్రవేశమో. ఇవి లేకపోతే ఈ చలిదేశంలో మనం ఒకరికొకరం ఏమీ కాకుండా పోతామని నాకు తెలుసు, పిలిస్తే వెళ్తాను కూడా. కానీ ఒక్కసారి రాలేనంటే "ఆవిడకిప్పుడు తీరికెక్కడ, రచయిత్రి కదా" అని వెనక అనుకోవడం బాధగా ఉంటుంది.

సంఘాలు ఏమీ చేయడం లేదని నేననను. 1997లోనే తానా నవలల పోటీ ‘రేగడి విత్తులు’కి బహుమతిచ్చింది. వంగూరి ఫౌండేషన్ ఏటా ఉగాదికి రచనల పోటీ పెడుతోంది, డిట్రాయిట్ తెలుగు సాహితీ సమితి పుస్తకాలు చదివి చర్చిస్తోంది. వీటిని నడిపేవాళ్లూ మనలాగే ఉద్యోగాలు చేసుకుంటూ, రాత్రిళ్లు మేలుకుని నడుపుతున్నారు. అయితే ఇవన్నీ రాయడం పూర్తయ్యాక అందేవి. ఒకప్పుడు వారపత్రికల్లో సీరియల్ వస్తుంటే రాస్తున్నప్పుడే గడువుండేది, పారితోషికముండేది, వచ్చే వారం కోసం ఎదురుచూసే పాఠకులుండేవారు. ఆ పత్రికలు చాలావరకు మూతపడ్డాయి. ఇప్పుడు సగం రాసినవాళ్లకి తోడెవరూ లేరు, ఎన్నో నవలలు ఆ సగం దగ్గరే ఆగిపోతున్నాయి.

అందుకని మన కార్యవర్గానికి నా విన్నపం. ఆదివారం తెలుగు బడి కోసం మనం అద్దెకి తీసుకునే మిడిల్ స్కూల్లో లైబ్రరీ గది ఉంది. దాన్ని మనం వాడటం లేదు. పిల్లలు క్లాసుల్లో ఉన్న ఆ రెండు గంటలూ తల్లిదండ్రులు కార్లలో ఫోన్లు చూసుకుంటూ కూర్చుంటున్నారు. రాసుకునేవాళ్లకి ఆ గది తెరిపించండి. ఇంకా బడికి రాని చిన్నపిల్లల్ని మిగతా తల్లిదండ్రులం వంతులవారీగా చూసుకుందాం. పుస్తకావిష్కరణ పెడితే రచయితకి చదవడానికి పావుగంట ఇచ్చి తీరాలని కార్యక్రమ పత్రంలోనే రాయండి. ఉగాదినాడు చదవలేకపోయిన ఆ రెండు పేజీలు చదవమని ఆవిడని వచ్చే కార్యక్రమానికి పిలవండి.

వచ్చే నెల సమావేశంలో ఈ అంశం పెట్టండి. పిల్లల్ని చూసుకునే వంతుల్లో మొదటి నెలకి నా పేరు, మావారి పేరు రాసుకోండి.