నచ్చకపోతే యాప్ మానేయొచ్చుగా అనేవాళ్లకు

"ఫుడ్ డెలివరీ యాప్‌ల వల్ల అందరికీ లాభమే. కస్టమర్‌కు డిస్కౌంట్, చిన్న హోటల్‌కు కొత్త ఆర్డర్లు. కమీషన్ ఎక్కువనిపిస్తే మానేయొచ్చు, ఎవరూ బలవంతం చేయట్లేదు." వాట్సాప్ గ్రూపుల్లో ఈ మాట తెగ తిరుగుతోంది. ఇందులో ఒక్కో ముక్కా చూద్దాం.

"చిన్న హోటళ్లకు ఆర్డర్లు పెరిగాయి." పెరిగాయి, కాదనను. లాక్‌డౌన్‌లో చాలా హోటళ్లు పార్సిళ్లతోనే నెట్టుకొచ్చాయి. కానీ ఆర్డర్లు పెరిగినంత మాత్రాన చేతిలో డబ్బు మిగలదు. 200 రూపాయల బిర్యానీ తీసుకోండి. కమీషన్ 25 శాతం అనుకుంటే 50 రూపాయలు యాప్‌కి పోతాయి. ఆ కమీషన్ మీద 18 శాతం జీఎస్టీ, ఇంకో 9 రూపాయలు. 5 శాతం జీఎస్టీలో ఉన్న హోటళ్లకు ఇన్‌పుట్ క్రెడిట్, అంటే ఖర్చుల మీద కట్టిన పన్నును తిరిగి పొందే వీలు ఉండదు, కాబట్టి ఆ 9 తిరిగి రాదు. మిగిలిన 141 రూపాయల్లోనే బియ్యం, చికెన్, నూనె, గ్యాస్, అద్దె, మాస్టర్ జీతం, డబ్బా అన్నీ వెళ్లాలి. మీకు వచ్చే డిస్కౌంట్‌లో చాలాసార్లు హోటల్ వాటా కూడా ఉంటుంది. లిస్టులో పైన కనిపించాలంటే ప్రకటనకు మళ్లీ వేరే డబ్బు కట్టాలి.

"కస్టమర్‌కు చౌక." 2023లో స్విగ్గీ, జొమాటో అనే రెండు పెద్ద యాప్‌లూ ఆర్డర్‌కు 2 రూపాయల ప్లాట్‌ఫామ్ ఫీజు మొదలుపెట్టాయి. 2024 అక్టోబర్‌కు అది 10 అయింది. పైగా కమీషన్ భారం తట్టుకోలేక చాలామంది యాప్‌లో రేటు పెంచి పెడుతున్నారు. ఒకసారి హోటల్ మెనూ, యాప్ మెనూ పక్కపక్కన పెట్టి చూడండి.

ఇక అసలు విషయం, "మానేయొచ్చు" అన్న మాట. మానేసి ఎక్కడికి వెళ్లాలి? ఊబర్ ఈట్స్ 2020 జనవరిలో తన ఇండియా వ్యాపారాన్ని జొమాటోకు అమ్మేసింది. అమెజాన్ అంతటి కంపెనీ కూడా తన ఫుడ్ డెలివరీని 2022 చివర్లో మూసేసుకుంది. స్విగ్గీ వద్దంటే జొమాటో, జొమాటో వద్దంటే స్విగ్గీ. వీధిలో జనం ఫోన్‌లోనే హోటల్ వెతకడం అలవాటు చేసుకున్నాక, ఆ లిస్టులో పేరు లేని కర్రీ పాయింట్ వాళ్లకు అసలు కనిపించదు. ఏళ్లుగా తన వంట తింటున్న కస్టమర్ ఫోన్ నంబర్ కూడా హోటల్ యజమానికి తెలియకుండా యాప్ దాచిపెడుతోందని రెస్టారెంట్ల జాతీయ సంఘం 2021లో కాంపిటీషన్ కమిషన్‌కు, అంటే వ్యాపారాల మధ్య పోటీ సరిగ్గా ఉందో చూసే కేంద్ర సంస్థకు ఫిర్యాదు చేసింది. నంబరే లేకపోతే "రేపటి నుంచి నేరుగా నాకే ఫోన్ చేయండి" అని ఎవరికి చెప్పాలి?

ఆ ఫిర్యాదు మీద కమిషన్ 2022 ఏప్రిల్‌లో దర్యాప్తుకు ఆదేశించింది. తమ యాప్‌లోనే ఉంటే కమీషన్ తగ్గిస్తామన్న ఒప్పందాలు, వేరే ఆన్‌లైన్ యాప్‌లలో ఇంకా తక్కువకు అమ్మకూడదన్న షరతులు దర్యాప్తులో బయటపడ్డాయని 2024 నవంబర్‌లో వార్తలొచ్చాయి. తన వంటకు తాను రేటు పెట్టుకోలేనివాడు ఇష్టపడి యాప్‌లో ఉన్నాడంటే నేను ఒప్పుకోను.

"సంఘం కట్టి బేరమాడుకోండి." అదీ చేశారు. 2024 అక్టోబర్ 14 నుంచి స్విగ్గీలో అమ్మకాలు ఆపేస్తామని ఆంధ్రప్రదేశ్ హోటళ్ల సంఘం ప్రకటించింది, అప్పుడే చర్చలు కదిలాయి. రాష్ట్రమంతా కలిసి బెదిరిస్తే తప్ప మాట వినిపించలేదంటే, సందు చివర నలుగురు మనుషులతో నడిచే మెస్ ఒంటరిగా ఏం అడుగుతుంది? ఆ మెస్ మూతపడితే దానికి కూరగాయలిచ్చే బండివాడికి, పాలు పోసేవాడికి, అంట్లు తోమే ఆవిడకు ఆ పూటే పని పోతుంది.

యాప్‌లు మూసేయమని ఎవరూ అడగట్లేదు. కస్టమర్ బిల్లు మీదే హోటల్‌కు ఎంత చేరిందో, యాప్ ఎంత తీసుకుందో అచ్చు వేయాలి. బయట ఏ రేటుకు అమ్ముకోవాలో హోటల్ ఇష్టానికి వదిలేయాలి. అందరికీ లాభమే అయితే ఈ రెండింటికీ అభ్యంతరం ఎందుకుండాలి?