నైట్ గార్డ్ పారేయమంటున్న మెసేజ్‌లో ఏది నిజం, ఏది కాదు

దవడ బోటాక్స్ (దవడ కండరాలను సడలించడానికి వేసే సూది మందు) గురించి ఒక మెసేజ్ గ్రూపుల్లో తెగ తిరుగుతోంది. అందులో ఉన్నది క్లుప్తంగా ఇది: "నిద్రలో పళ్లు కొరుకుతున్నారా? దవడ నొప్పా? నవ్వితే చిగుళ్లు కనబడుతున్నాయా? అన్నిటికీ మందు ఒక్కటే. డెంటిస్టు దగ్గర పది నిమిషాల పని, రెండు సూదులు. ఇక నైట్ గార్డ్ (పళ్లు అరగకుండా రాత్రి పెట్టుకునే తొడుగు) పారేయొచ్చు. ఎన్ని యూనిట్లు ఎక్కువ వేయించుకుంటే అన్నాళ్లు ఎక్కువ ఉంటుంది. నచ్చకపోతే విరుగుడు సూదితో కరిగించేస్తారు. ముఖంలో వేసింది ముఖంలోనే ఉంటుంది, ఎవరైనా వేయించుకోవచ్చు."

ఇందులో దాదాపు నిజమైనది పది నిమిషాల మాట ఒక్కటే. అదీ సూది గుచ్చడానికి పట్టే సమయం. గుచ్చాలా వద్దా అని తేల్చడానికి అంతకంటే చాలా ఎక్కువ పడుతుంది, పట్టాలి కూడా.

"అన్నిటికీ మందు ఒక్కటే." నరం చివర నుంచి అసిటైల్‌కోలిన్ అనే రసాయనం విడుదలైతేనే కండరం బిగుసుకుంటుంది. ఆ విడుదలకు స్నాప్-25 అనే ప్రొటీన్ కావాలి. బోటాక్స్‌లో ఉండే మందు, అంటే టైప్-ఎ బొటులినం టాక్సిన్, దాన్ని కత్తిరిస్తుంది, కండరం సడలుతుంది. లాలాజల గ్రంథులకు వెళ్లే నరాల్లోనూ ఇదే జరుగుతుంది కాబట్టే, ఆగకుండా చొంగ కారే జబ్బుకు వాడటానికి ఈ టాక్సిన్ బ్రాండ్లలో ఒకటైన జియోమిన్‌కు అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2018లో అనుమతి ఇచ్చింది. పళ్లు కొరకడానికీ, దవడ నొప్పికీ, గమ్మీ స్మైల్‌కూ (నవ్వితే చిగుళ్లు ఎక్కువగా కనబడటం) అక్కడ అలాంటి అనుమతి లేదు. వాటికి వాడేదంతా డాక్టరు తన విచక్షణ మీద వాడుతున్నదే. అలా వాడటం తప్పేమీ కాదు, కానీ ఆ మాట కుర్చీలో కూర్చున్న మనిషికి ముందే చెప్పాలి.

మందు పనిచేసేది కండరం మీద గనక, బాధకు మూలం కండరమైతేనే ఫలితం కనిపిస్తుంది. దవడ నొప్పినే తీసుకోండి. పళ్లు గట్టిగా బిగించమని చెప్పి, చెంప వెనుక భాగంలో పొంగే మాసెటర్ కండరాన్ని వేలితో నొక్కితే "ఇదే, రోజూ వచ్చే నొప్పి ఇదే" అంటే కండరాన్ని అనుమానించవచ్చు. చెవి ముందు కీలులో డిస్క్ జారి నోరు సరిగా తెరుచుకోకపోయినా (మామూలుగా పై పళ్లకూ కింది పళ్లకూ మధ్య 40 మిల్లీమీటర్లకు పైనే తెరుచుకుంటుంది), కీలు అరిగిపోయినా, వెనక పన్ను చీలినా మాసెటర్‌లో ఎన్ని సూదులు వేసినా ఆ లోపం అలాగే ఉంటుంది. పైగా నమలడం నీరసపడి నొప్పి కాస్త తగ్గినట్టు అనిపిస్తుంది. ఈలోగా చీలిన పన్ను ఇంకా చీలుతుంది.

గమ్మీ స్మైల్ కూడా అంతే. పై ముందు పన్ను పొడవు సాధారణంగా 10-11 మిల్లీమీటర్లు. కొలిస్తే 8 మాత్రమే వచ్చిందంటే చిగురు పన్నును కప్పేసి ఉండొచ్చు, అప్పుడు కావాల్సింది చిగురు సవరించే చికిత్స. పై దవడ ఎముకే నిలువుగా ఎక్కువ పెరిగితే దానికి శస్త్రచికిత్స మాట్లాడుకోవాలి. టాక్సిన్ మేలు చేసేది పై పెదవి మామూలు కంటే ఎక్కువగా పైకి లాగబడేవాళ్లకే. ముక్కు రెక్కకు సుమారు ఒక సెంటీమీటరు పక్కన, పెదవిని లేపే కండరాలు కలిసే చోట, ఒక్కో వైపు బోటాక్స్ బ్రాండు లెక్కన 2-3 యూనిట్లు సరిపోతాయి. మోతాదు ఎక్కువైతే పై పెదవి వేలాడినట్టు అవుతుంది, నవ్వు మూలలు మాత్రమే పైకి లేస్తాయి, స్ట్రాతో తాగడం కష్టమవుతుంది, "ప, బ" పలకడం తడబడుతుంది.

"నైట్ గార్డ్ పారేయొచ్చు." మెసేజ్‌లో అన్నిటికంటే నష్టం చేసే మాట ఇది. నిద్రలో పళ్లు కొరకడం దవడలో మొదలవదు, మెదడులో మొదలవుతుంది. నిద్ర లోతు నుంచి పైకి తేలే క్షణాల్లో నమిలే కండరాలకు ఆజ్ఞ వెళుతుంది. టాక్సిన్ ఆ ఆజ్ఞను ఆపదు. ఆజ్ఞ అందుకునే కండరంలో బలాన్ని తగ్గిస్తుంది, అంతే. అందుకే అధ్యయనాల్లో కొరికే తీవ్రత తగ్గినట్టు కనబడుతుంది, ఎన్నిసార్లు కొరుకుతున్నారన్నది పెద్దగా మారదు. సూది వేసేది మాసెటర్‌కు, కొందరికి కణతల కండరానికి. దవడ లోపలి వైపున్న మరో నమిలే కండరం, మీడియల్ టెరిగాయిడ్ మాత్రం తన పని తాను చేసుకుంటూనే ఉంటుంది. పన్నుకూ పన్నుకూ మధ్య అడ్డు లేకపోతే ఎనామెల్ అరుగుతుంది. అరిగిన ఎనామెల్ మళ్లీ పెరగదు.

ఇంకో లెక్క చూడండి. ప్రభావం రెండు మూడు రోజుల్లో మొదలై, రెండు వారాలకు పూర్తిగా కనబడి, సాధారణంగా మూడు నాలుగు నెలలకు తగ్గిపోతుంది. తగ్గే ఆ చివరి వారాల్లో బలం తిరిగి వస్తున్న సంగతి నిద్రలో ఉన్న మనిషికి తెలియదు. గార్డ్ పారేసినవాళ్లు విరిగిన ఫిల్లింగ్‌తో తిరిగొచ్చేది అప్పుడే. గార్డ్ వాడుతున్నా కండరం నొప్పి తగ్గనివాళ్లకు, మాసెటర్ బాగా లావెక్కినవాళ్లకు, క్రౌన్లు పదే పదే పగులుతున్నవాళ్లకు టాక్సిన్ పనికొస్తుంది, గార్డ్‌కు తోడుగా. గురక, పగటి మగత ఉంటే ముందు నిద్రలో ఊపిరి ఆగే జబ్బు ఉందేమో చూడాలి. కొన్ని డిప్రెషన్ మందులు పళ్లు కొరకడాన్ని పెంచుతాయి కాబట్టి మందుల జాబితా అడగకుండా సూది పట్టుకోవడం తొందరపాటు. ఏళ్ల తరబడి నాలుగు నెలలకోసారి వేయించుకునేవాళ్లు ఇదీ తెలుసుకోవాలి: నమిలే ఒత్తిడి తగ్గితే దవడ ఎముక పలచబడటం జంతువుల్లో కనిపించింది, మనుషుల్లో ఫలితాలు ఒకే దారిలో లేవు. అవసరం లేకుండా కొనసాగించకూడదనడానికి ఈ కారణం చాలు.

"రెండు సూదులు." మాసెటర్‌కు ఒక్కో వైపే మూడు నుంచి ఐదు చోట్ల వేస్తారు, వైపుకు మొత్తం 20-30 యూనిట్ల వరకు, ఇదీ బోటాక్స్ లెక్కే. చెవి తమ్మె నుంచి నోటి మూలకు ఒక గీత గీసి దాని కిందే ఉంటారు. పళ్లు బిగించమని కండరం ముందు అంచు, వెనక అంచు గుర్తుపెట్టి, ముందు అంచు నుంచి ఒక సెంటీమీటరు లోపలికి జరుగుతారు. ముందుకు జరిగితే నోటి మూలను పక్కకు లాగే రైజోరియస్ కండరం పడిపోయి నవ్వు వంకర అవుతుంది. మరీ వెనక్కి పోతే లాలాజల గ్రంథి తగులుతుంది. లోతు కూడా ముఖ్యమే. మందు కండరంలో ఒక పొరకే చేరితే, నమిలినప్పుడల్లా మిగతా పొర చెంపలో గోళీలా పొంగుతుంది. ఇది సాధారణంగా మొదటి వారాల్లో బయటపడుతుంది. పొంగిన చోటే కొద్ది యూనిట్లు వేస్తే సర్దుకుంటుంది.

"ఎన్ని యూనిట్లు ఎక్కువైతే అన్నాళ్లు." ఒక హద్దు దాటాక పెరిగేది కాలం కాదు, నమలలేకపోవడం, మందు పక్క కండరాలకు పాకడం. మూడు నెలలకంటే ముందే మళ్లీ మళ్లీ వేయించుకుంటే శరీరం యాంటీబాడీలు తయారుచేసుకునే అవకాశం పెరుగుతుంది, అప్పుడు మందే పనిచేయదు. యూనిట్లలో ఇంకో మెలిక ఉంది. బోటాక్స్ యూనిట్, ఇదే టాక్సిన్‌కు మరో బ్రాండైన డిస్పోర్ట్ యూనిట్ ఒకటి కావు. డిస్పోర్ట్‌లో అంకె సుమారు రెండున్నర నుంచి మూడు రెట్లు ఉంటుంది. "అక్కడ 25 వేశారు, ఇక్కడ 70 వేశారు" అని పోల్చేవాళ్లు ముందు బ్రాండు పేరు అడగాలి.

మిల్లీలీటర్ల లెక్క ఇంకా దారి తప్పిస్తుంది. 100 యూనిట్ల వయల్‌లో (మందు పొడి ఉండే చిన్న సీసా) 2.5 మిల్లీలీటర్ల సెలైన్ కలిపితే 0.1 మిల్లీలీటరులో 4 యూనిట్లు, 5 కలిపితే 2 యూనిట్లే. సిరంజి మాత్రం ఒకేలా నిండుగా కనిపిస్తుంది. వయల్ లోపల వాక్యూమ్ ఉంటుంది, సూది గుచ్చగానే సెలైన్‌ను తనే లాక్కుంటుంది. లాక్కోకపోతే ఆ వయల్ వాడకూడదు. కలిపాక గిలక్కొట్టకుండా మెల్లగా తిప్పి, 2-8 డిగ్రీల్లో ఉంచి, 24 గంటల్లో వాడేయాలని బోటాక్స్ లేబుల్ చెబుతుంది.

"కరిగించేస్తారు." ముఖం నింపడానికి వేసే జెల్, అంటే ఫిల్లర్‌తో కలగాపులగం చేసిన మాట. హైలురోనిక్ ఆసిడ్ ఫిల్లర్‌ను హైలురోనిడేస్ అనే ఎంజైమ్ కరిగిస్తుంది. టాక్సిన్‌లో కరిగించడానికి ఏమీ ఉండదు. నరంలోకి వెళ్లిన మందును యాంటీటాక్సిన్ కూడా వెనక్కి తీయలేదు. వంకరపోయిన నవ్వు సర్దుకోవాలంటే వారాలో నెలలో ఆగాల్సిందే.

"ముఖంలోనే ఉంటుంది, ఎవరైనా వేయించుకోవచ్చు." దూరంగా పాకే ప్రమాదం ఉందని ఎఫ్‌డీఏ 2009లో ఈ మందులన్నిటి మీదా నల్లగీతల పెట్టె హెచ్చరిక వేయించింది. ముఖానికి వాడే చిన్న మోతాదుల్లో ఇది అరుదు. మయస్థీనియా గ్రేవిస్, లాంబర్ట్-ఈటన్ లాంటి నరం-కండరం జబ్బులున్నవాళ్లకు వేయకూడదు. గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు వాయిదా వేయాలి. సూది పడే చోట ఇన్ఫెక్షన్ ఉంటే అది తగ్గేదాకా ఆగాలి. జెంటామైసిన్ లాంటి యాంటీబయాటిక్స్ వాడుతున్నవాళ్లలో ప్రభావం ఎక్కువ కావచ్చు. ఆవు పాల ప్రొటీన్ పడనివాళ్లకు డిస్పోర్ట్ పనికిరాదు. సూది తర్వాత మింగడం కష్టమైనా, గొంతు బొంగురుపోయినా, ఒకటి రెండుగా కనబడినా, ఊపిరి బరువెక్కినా డెంటిస్టు అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా అత్యవసర విభాగానికి వెళ్లాలి. ఆ లక్షణాలు కొన్ని గంటల్లోనే మొదలు కావచ్చు, కొన్ని వారాల తర్వాతా రావచ్చు.